మా రవళి గొంతుతో అడిగిన ప్రశ్న

ఎండాకాలం తొమ్మిదో దినం

నాలుగో ఫ్యాను బాగా తిరుగుతోంది. బెల్టు బిగించాం. దీపాలు అన్నీ నీలంగానే ఉన్నాయి, అంటే గాలి సరిపోతోంది.

ఫ్యాను సంగతి ఇంతే. ఈ కరెంటు పలక మీద రోజూ ఫ్యాను గురించి రాయమని కమిటీ నన్ను కూర్చోబెట్టింది గానీ, తిరిగేదాని గురించి ఎంతని రాస్తాం? నేను చదివింది ఐదో తరగతి. తోచింది రాస్తాను, చదివేవాళ్లు ఓపిక పట్టండి.

మా రవళి వచ్చింది! ఇవాళ పై తలుపులు మూసే ముందు, ఎండ తగలకుండా మనుషుల్ని తెచ్చే ఆఖరి చల్లబండిలో దిగింది. ఆరోగ్య కార్యకర్త! మెడలో కార్డు, చేతిలో సంచీ. ఈ బొగ్గుబాయిలో పుట్టి, ఈ సొరంగాల్లోనే పాకి, బొగ్గు గోడ మీద అక్షరాలు దిద్దిన పిల్ల మా బాయికే మందులిచ్చే మనిషై వచ్చింది. మా తాతలు ఇక్కడ బొగ్గు తవ్వారు, ఇప్పుడు మేం కాపురం ఉంటున్నాం. పైన ఎండ మనిషిని నిలువునా కూల్చే నెలల్లో తలుపులు మూసుకుని, ఊపిరి పీల్చే ప్రతివాళ్లూ వంతులవారీగా ఫ్యాను సైకిల్‌లా తొక్కుతూ బతుకుతాం. ఇంతమందిలో నా బిడ్డే! ఆమె దిగుతుంటే నేను చప్పట్లు కొట్టాను. ఎవరూ కొట్టలేదు, నేనొక్కణ్నే కొట్టాను. పక్కింటి ఓదెమ్మ నవ్వింది.

"ఏం బావా, బిడ్డ అచ్చిందా, మంత్రి అచ్చిండా?"

"మంత్రి అస్తే గిన్ని చప్పట్లు కొట్టకపోతుంటి" అన్నాను.

పదకొండో దినం

ఫ్యాను బాగుంది.

ఫ్యాన్ల హాల్లో పరీక్ష పెట్టె ఉంది కదా, వేలు పెడితే రక్తం చుక్క తీసుకుని సంఖ్య చెప్పేది. అది ఇదివరకు ఎవరిదో ఊరూపేరూ లేని గొంతుతో ప్రశ్నలు అడిగేది. దానికి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పడం లేదని, ఏ బాయిలో ఎవరు ఆరోగ్య కార్యకర్త అయితే వాళ్ల గొంతే పెట్టమని పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. నిన్నంతా మా రవళి కూర్చుని ప్రశ్నలన్నీ చదివింది. ఇవాళ పెట్టె నా బిడ్డ గొంతుతో మాట్లాడుతోంది! నాకు పరీక్ష లేకపోయినా నాలుగుసార్లు వేలు పెట్టాను. "దగ్గు ఉందా?" అంటుంది. "లేదమ్మా" అంటాను. "ఆకలి అవుతోందా?" అంటుంది. "నువ్వచ్చినంక బాగా అయితంది బిడ్డా" అన్నాను. వెనక నీళ్ల డబ్బాలతో నిలబడ్డ ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. నవ్వనీ.

పన్నెండో దినం

ఫ్యాను బాగుంది. నేను బాగాలేను.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు చూశాను. పలకను కమిటీవాళ్లు ఏడాదికోసారి చదువుతారు, అదీ ఫ్యాను చెడితేనే. అందుకని రాస్తున్నాను. మూత్రానికి పోతే మంట. నిప్పు కడ్డీ పెట్టినట్టు. పోయిన ఐదు నిమిషాలకే మళ్లీ పోవాలనిపిస్తుంది, పోతే చుక్క. సాయంత్రానికి చలి పెట్టి జ్వరం. నా వంతుకి సీటు ఎక్కితే కిందినుంచి రాయి గుచ్చుకున్నట్టుంది. పళ్లు బిగించి తొక్కాను.

జ్వరం గోలీ వేసుకున్నాను. తగ్గింది. వయసు మీద పడితే ఇలాంటివి మామూలే అనుకున్నాను.

పదిహేనో దినం

యాభై దాటిన మగవాళ్లందరికీ పీఎస్‌ఏ పరీక్ష. మగవాళ్లకి మూత్రసంచి కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి చెడితే ఆ సంఖ్య పెరుగుతుందట. వరసలో నిలబడ్డాం. నా ముందు సారంగం, ఓదెమ్మ మొగుడు, ఫ్యాన్ల బెల్టులు కుట్టేవాడు. చిన్నప్పటి నుంచీ నా జోడు. వాడు పెట్టె ముందు నిలబడి అడిగినదానికల్లా గట్టిగా జవాబు చెప్పాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో కూడా చెప్పాడు. సిగ్గులేని మనిషి అనుకున్నాను.

నా వంతు వచ్చింది. వేలు పెట్టాను. వెనక మగవాళ్లు, వాళ్ల వెనక నీళ్ల దగ్గర సగం బాయి. పెట్టె అడిగింది, మా రవళి గొంతుతోనే, ఇంట్లో అన్నం పెట్టుకోమన్నంత మామూలుగా: "మూత్రం పోసేటప్పుడు మంట ఉందా?"

నేను నా బిడ్డ లంగాకు నాడా ఎక్కించినవాణ్ని. వాళ్లమ్మ పోయాక జడలు వేసినవాణ్ని. ఆ గొంతుకి ఈ మాట ఎలా చెబుతాను?

"లేదు" అన్నాను.

"చలి జ్వరం వచ్చిందా?" "లేదు." "కింద, సీటు తగిలే చోట నొప్పి ఉందా?" "లేదు." మూత్రం పరీక్షకు కాగితం పట్టీలు అయిపోయాయని, బండి వస్తేగాని రావని చెప్పి నన్ను పొమ్మంది. జ్వరం చూసే గాజు కన్ను కూడా ఏమీ పట్టలేదు. పొద్దున్నే గోలీ మింగి వచ్చాను కదా.

సంఖ్యలు గోడ మీద వెలిగాయి. మా దగ్గర జబ్బు దాచే పద్ధతి లేదు, ఒకడు పడుకుంటే వాడి వంతు ఇంకొకడు తొక్కాలి. సారంగానికి ఎనిమిది. నాకు ముప్పై ఒకటి. పోయినేడు నాది రెండు.

మా రవళి తలెత్తి గోడను చూసి, మళ్లీ దించుకుంది. ఆ దించుకోవడం నేను చూశాను.

పదహారో దినం

నా సీటుకి పదకొండు గుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి. మా బాయిలో ఇది ఆచారం. ఎవరికైనా పెద్ద జబ్బు అని తెలిస్తే, వాడి వంతు తొక్కుతామనేవాళ్లు వాడి సీటుకి తమ బట్ట ముక్క కట్టి పోతారు. ఎందుకని అడగరు, మళ్లీ తిరిగి తొక్కమనీ అడగరు. అందరికంటే ముందు కట్టింది సారంగం. వాడి నీలం లుంగీ అంచు నాకు తెలియదా?

వాడే వచ్చి నా భుజం మీద కొట్టాడు. "అరే పోశన్నా! బడిల ఎప్పుడన్న ముప్పై ఒకటి అచ్చినయా నీకు? ఇంకో నాలుగస్తే పాసయితుంటివి గదరా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కింద మంటగా ఉంది.

ఓదెమ్మ సర్వపిండి తెచ్చింది. నూనె ఎక్కువే పోసింది. ఈ కాలంలో నూనె అంటే మాటలా! "తిను బావా. పైకి పోతే గీ తిండి ఎవలు పెడ్తరు నీకు" అంది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నన్ను పైకి పంపుతారు.

పదిహేడో దినం

ఫ్యాను సంగతి సారంగాన్ని అడిగి రాస్తున్నాను. బాగుందట.

ఎండాకాలం మధ్యలో చల్లబండి ఒక్కసారే వస్తుంది. పడుకోబెట్టి తీసుకుపోయే మంచం అందులో ఒక్కటే. ఇది పోతే తలుపులు తెరిచేదాకా, అంటే నాలుగు నెలలు, ఎవరూ పోలేరు. ఆ మంచం ఎవరికన్నది కమిటీ నిర్ణయిస్తుంది. వాళ్ల లెక్క ఒకటే. ఏ బాధా లేకుండా సంఖ్య పెరిగితే క్యాన్సర్ అనుమానం, అలాంటివాళ్లలో పెద్ద సంఖ్య ఉన్నవాడు ముందు. మంట, జ్వరం ఉన్నవాడికైతే ముందు మందులిచ్చి మళ్లీ కొలుస్తారు.

రవళి ఇంటికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

"బాపూ, ఒక్కమాట అడుగుత, సక్కగ చెప్పు. రెండు నుంచి ముప్పై ఒకటికి ఒక్కపారి ఎగురుడు నాకు మనసున పడ్తలేదు. క్యాన్సర్ అయితే ఎక్కువసార్లు మెల్లమెల్లగ ఎక్కుతది. గిట్ల దునికితే గ్రంథి వాసి ఉండొచ్చు. వాపుకు కూడ గా సంఖ్య పెరుగుతది, ఇంకా మస్తు పెరుగుతది. కానీ గంత వాపు ఉంటే మంటనో జ్వరమో ఉండాలె. నీకేమన్న ఉన్నదా?"

ఇంత దగ్గరగా అడిగింది. అడుగుతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదు బిడ్డా. మంచిగున్న."

"సొంత మనుషుల్ని నేను చేత్తోని పరీక్ష చెయ్యద్దని రూలు. లేకుంటే నేనే చూస్తుంటి" అని లేచిపోయింది. పొయ్యి దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడింది. వీపు కదులుతోంది. ఏడుస్తోందని నాకు తెలుసు, నేనేం చేశానో కూడా తెలుసు. లేచి పోయి చెప్పేస్తే అయిపోయేది. నాకు మళ్లీ మూత్రం వచ్చింది. అటు పోయాను.

ఇరవయ్యో దినం

ఈ రోజు నీళ్ల దగ్గర ఓదెమ్మ, రవళి మాట్లాడుకుంటుంటే విన్నాను. నేను బానల వెనక కూర్చుని ఉన్నాను. ఈ మధ్య అటు ఇటు పోవడానికి దగ్గరగా ఉంటుందని అక్కడే కూర్చుంటున్నాను.

"బిడ్డా, మా ఆయనకు ఎనిమిదే గదా. చిన్నదే గదా. నాలుగు నెలలు ఆగితే ఏం గాదు గదా?" అంది ఓదెమ్మ. ఎప్పుడూ ఎగతాళిగా మాట్లాడే మనిషి, గొంతు సన్నగా ఉంది.

రవళి చేతిలో డబ్బా కింద పెట్టింది. "చిన్నమ్మా, నీతోని అబద్ధం చెప్ప. సంఖ్య చిన్నదని నిమ్మళంగ ఉండేదానికి లేదు. కాకాకు నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, ఏటేట ఎక్కుకుంట వస్తంది. నేను చేత్తోని చూసిన. ఒక దిక్కు గట్టిగ, గడ్డలెక్క తగిలింది. జల్ది ముక్క తీసి చూడాలె. కమిటీకి రాసిచ్చిన కూడ. వాళ్లు మా బాపు సంఖ్య చూస్తున్నరు. నేను గట్టిగ మాట్లాడితే, కన్నతండ్రిని ఆపి ఇంకొకల్ని పంపుతందేందని అంటున్నరు."

"వద్దు బిడ్డా. మీ బాపునే పంపు" అంది ఓదెమ్మ. "ముప్పై ఒకటి అంటే మాటలా."

నేను బానల వెనక నుంచి లేవలేకపోయాను. వాళ్లిద్దరూ పోయేదాకా కూర్చున్నాను. తరవాత పెట్టె దగ్గరికి పోయి వేలు పెట్టాను. "మీ జవాబులు నమోదయ్యాయి. మార్చాలంటే ఆరోగ్య కార్యకర్త ఎదురుగా మార్చాలి" అంది, నా బిడ్డ గొంతుతో.

అన్నం దగ్గర చెబుదామని నోరు తెరిచాను. "బిడ్డా."

"ఏంది బాపూ?"

"కూరల ఉప్పు తక్కువైంది."

లేచి ఉప్పు తెచ్చి పెట్టింది. కూరలో ఉప్పు సరిపోయే ఉంది. ఉప్పు కషాయంలా ఉన్న ఆ అన్నం మొత్తం తిన్నాను.

ఇరవై నాలుగో దినం

ఇవాళ బండి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సారంగం నా మూట పట్టుకుని వచ్చాడు. అప్పుడే నా వంతు తొక్కి దిగాడు, బనీను తడిసి ఒంటికి అంటుకుంది. నాకు జ్వరం గట్టిగానే ఉంది, రెండు గోలీలకి కూడా లొంగలేదు. హాల్లో బాయి మొత్తం ఉంది. దండ కూడా వేశారు. ఎక్కడి పూలు, కాగితం పూలే. రవళి తన సంచిలోంచి ఉన్ని శాలువా తీసి నా మీద కప్పింది. పైన చల్లటి గదిలో పెడతారట.

"భయపడకు బాపూ. పన్నెండు సన్న సూదులతోని ముక్కలు తీస్తరు. మత్తు ఇస్తరు. వాపు, చీము గిట్ల లేకుంటే ఏం గాదు."

"ఉంటే?" అన్నాను.

"ఉంటే తియ్యరు. చీమున్న జాగల సూది గుచ్చితే రక్తంల పాకుతది, మనిషి దక్కుడు కష్టం. నీకు లేదు గదా."

బండి ఎక్కే మెట్టు మీద కాలు పెట్టాను. సారంగం కిందినుంచి నా నడుముకి చెయ్యి ఆనించి లేపుతున్నాడు. నా మంచం వాడిది. వాడే నన్ను దాంట్లోకి ఎక్కిస్తున్నాడు. నా వల్ల కాలేదు.

"నాకు మంటున్నది" అన్నాను.

ఫ్యాన్ల హోరులో ఎవరికీ వినపడలేదు. "ఏందీ?" అన్నాడు సారంగం.

అప్పుడే డ్రైవరు పై తలుపు తీయబోతూ గంట కొట్టాడు. తలుపు తీసేటప్పుడు పైనున్న వేడి లోపలికి లాగకుండా తొక్కేవాళ్లంతా ఒకేసారి ఆపేస్తారు. నాకు ఆ సంగతి తెలుసు, నేను ఫ్యాను మనిషిని. కానీ నోరు అప్పటికే తెరిచేశాను, ఉన్న బలమంతా పెట్టి అరిచేశాను.

"నాకు మూత్రం పోస్తే మంటున్నది!"

సొరంగం చివరిదాకా పోయి, మళ్లీ తిరిగి వచ్చింది ఆ మాట. ఎవరో చిన్నపిల్ల కిసుక్కుమంది. దండ మెడలో ఉంది, శాలువా భుజం మీద ఉంది, నేను మెట్టు మీద నిలబడి ఉన్నాను.

రవళి దగ్గరికి వచ్చింది. "ఎన్నొద్దులాయె?"

"నువ్వచ్చిన మూడొద్దులకే."

కమిటీ పెద్ద ముందుకు వచ్చి, ఇలా అంటే కుదరదని, పెట్టె దగ్గర మళ్లీ జవాబులు చెప్పాలని అన్నాడు. పెట్టె దగ్గరికి నడిచాను. జనం రెండు పక్కలా దారి ఇచ్చారు. వేలు పెట్టాను. "మూత్రం పోసేటప్పుడు..." అని పెట్టె మొదలుపెట్టగానే రవళి చెయ్యి చాచి దాని నోరు నొక్కేసింది.

"నేనే అడుగుత" అంది. నా ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, అందరి ముందూ అడిగింది. మంట ఉందా? ఉన్నది. చలి జ్వరం? ఉన్నది. గోలీ వేసుకున్నవా? ఇప్పుడు కూడ వేసుకున్న. కూసుంటే నొప్పి? ఉన్నది బిడ్డా. మూత్రం ఆగి ఆగి వస్తుందా? వస్తది. ఒక్కొక్కటీ చెబుతుంటే నా చెవులు కాలిపోయాయి.

బండిలో వచ్చిన కొత్త పట్టీ ఒకటి చింపి, నన్ను చాటుకి పంపి తెమ్మంది. పట్టీ ఊదారంగుకి తిరిగింది. చీము ఉంది.

"సారంగం కాకా, నువ్వు ఎక్కు" అంది రవళి.

సారంగం నన్ను చూశాడు. వాడు తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నా మెడలో దండ తీసి తన మెడలో వేసుకుని, "గీ దండ నాదే ఉండె గదరా, దొంగా" అని ఎక్కేశాడు.

బండి పోయింది. ఫ్యాన్లు మళ్లీ తిరగసాగాయి. నా బిడ్డ అప్పుడు అడిగింది, నాకొక్కడికే వినపడేలా. "నా గొంతుతోని అడిగినా గూడ అబద్ధం చెప్పినవా బాపూ?"

"నీ గొంతుతోని అడిగినందుకే చెప్పిన బిడ్డా."

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది, మందు సూది తెచ్చి వేసింది. వేసేటప్పుడు కొంచెం గట్టిగానే గుచ్చింది.

ఇరవై ఆరో దినం

జ్వరం దిగింది. మంట సగం తగ్గింది. యాంటీబయాటిక్ గోలీలు నాలుగు వారాలు, మానకుండా వేసుకోవాలి. ఫ్యాను సీటు ఎక్కకూడదు, వట్టి నేల మీద కూర్చోకూడదు, నీళ్లు బాగా తాగాలి.

సిగ్గుతో హాలు వైపు పోలేదు. అయినా సంగతులు తెలుస్తాయి కదా. నిన్న ముగ్గురు ముసలాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు రవళి దగ్గరికి వచ్చి, మమ్మల్ని మళ్లీ అడుగు బిడ్డా అన్నారట. ముగ్గురూ గుమ్మంలో ఎదురుపడి, నీళ్లకొచ్చామని చెప్పుకున్నారట. రవళి ఇప్పుడు పెట్టెని పక్క గదిలోకి మార్పించి, దానికి తలుపు పెట్టించింది. ఈ బుద్ధి ముందే పుట్టనందుకు తననే తిట్టుకుంటోంది. తప్పు ఆమెది అయితే నాకెంత బాగుండేది.

ఎనభై ఐదో దినం

మళ్లీ కొలిచారు. తలుపు వేసుకుని, నేనూ రవళీ మాత్రమే. మూడు! ముప్పై ఒకటి నుంచి మూడు! నేను లేచి గంతు వేశాను. ఇంత వయసులో గంతు.

"కూసో బాపూ. దిగిందంటే అది వాపేనని చానా మట్టుకు తేలింది. కానీ ఇంతటితోని అయిపోలే. ఆరు నెలలకు మళ్లోసారి చూస్త. అప్పుడు గూడ కిందనే ఉంటేనే నిమ్మళం. ఈసారి మంటుంటే నాకు చెప్తవా?"

"చెప్త. అరిచి చెప్త."

నవ్వింది. నా బిడ్డ నవ్వు చూసి ఎన్ని రోజులైందో! అప్పుడు రెండో మాట చెప్పింది. పైనుంచి కబురు వచ్చిందట. సారంగానికి క్యాన్సరే. ఎనిమిదే, కానీ క్యాన్సరే. గ్రంథి దాటి బయటికి పోలేదట, వైద్యం మొదలుపెట్టారట, తలుపులు తెరిచేసరికి వస్తాడట. నాలుగు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "అది ఎవలూ చెప్పలేరు బాపూ" అంది. ఆ జవాబు నాకు ఏ తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

హాల్లోకి పోయాను, అన్ని రోజుల తరవాత. ఓదెమ్మ తన మొగుడి వంతు తొక్కుతోంది. సారంగం సీటుకి చాలామంది గుడ్డలు కట్టారు, అయినా ఆమె ఎవరినీ ఎక్కనివ్వడం లేదట. నేను పోయి సీటు పక్కన నిలబడ్డాను.

"దిగు ఓదెమ్మా. నేను తొక్కుత."

"నీ బిడ్డ నిన్ను సీటెక్కద్దన్నది గదా."

"ఇంత దానికి ఏం గాదు."

"ఏం గాదు, ఏం గాదు అనే గదా గంత జేసినవు." ఆమె తొక్కడం ఆపలేదు. ముఖం చెమటతో నిగనిగలాడుతోంది. "మా ఆయన ఎనిమిది దినాలు నీ వంతు తొక్కిండు. గడ్డ పెట్టుకోని తొక్కిండు. అది నువ్వు తీర్చలేవు బావా. తీర్చనియ్య గూడ."

తల దించుకున్నాను. పోదామని తిరిగాను.

"యాడికి పోతవు?" అంది వెనకనుంచి. "గా స్టూలు తెచ్చుకోని కూసో. మెత్తగ ఏమన్న ఏసుకో కింద. ఒక్కదాన్నే తొక్కితే పొద్దు పోతలేదు."

స్టూలు తెచ్చుకుని, శాలువా మడిచి వేసుకుని కూర్చున్నాను. తరవాత ఓదెమ్మ నీళ్ల దగ్గరున్న ఆడవాళ్లందరికీ వినపడేలా, ఫ్యాను హోరు మీదుగా గొంతెత్తి అడిగింది.

"మంట పోయిందా బావా?"

చెవులు మళ్లీ కాలాయి.

"పోయింది" అని అరిచాను.

నాలుగో ఫ్యాను చూడలేదు. రేపు చూసి రాస్తాను.